నడిమి బొమ్మలు

నారాయణగూడల ఇరానీ హోటల్ మీద మూడో అంతస్తు.
లిఫ్టు లేదు. మెట్లెక్కుతుంటే ఉస్మానియా బిస్కెట్ల వాసన.
తలుపు మీద స్టూడియో పేరు పెంటయ్య మాస్టరే రాసిండు,
ఎరుపు మీద పసుపు, పసుపు పక్కన నల్ల నీడ,
సినిమా బ్యానరు మీద రాసినట్టే.

ఫ్లెక్సీలొచ్చి ఆయన కుంచె ఎండిపోయిన ఏడాది
మా సేటు ఇరవై గాజు బల్లలు కొన్నడు.
కింద ట్యూబులైటు, పైన కాగితం.
ముప్పై అడుగుల హీరోకు కన్ను పెట్టిన మనిషి
మినపగింజంత ఉడుత కన్ను ముందు కూసున్నడు.
మొదటి వారం ఒక్క గీత నిలవలేదు.

ఉడుత అమెరికాది.
నెత్తిన పోస్ట్‌మ్యాన్ టోపీ, భుజాన సంచి.
మొదటి బొమ్మ వాళ్లది, ఆఖరి బొమ్మ వాళ్లది,
నడిమివి మావి.
తలుపు కొట్టాలని చెయ్యి లేవడానికీ
తలుపుకు తగలడానికీ మధ్య
పదకొండు చేతులు.
వాటిని ఎవ్వరూ చూడరు.
అవి లేకుంటే ఏదీ కదలదు.

మంచు గీయమన్నరు.
మాల మంచు చూసినోళ్లు ఎవ్వరూ లేరు.
నఫీసా ఇంట్ల ఫ్రిజ్ గీకి గిన్నెల పట్టుకొచ్చింది,
రెండో అంతస్తుకే నీళ్లయింది.
ఆఖరికి దూదేకే దుకాణం ముందు నిలబడి
గాలిల లేస్తున్న దూదిని చూసి గీసినం.
ఆ దూదిల తడవకుంటనే
అక్కడి పిల్లలు ఎన్నో శనివారాల పొద్దులు
పాలగిన్నెల చెంచా మరిచిపోయి పెరిగిన్రు.

ఉడుత వీపు మీద మాస్టరు మూడు చారలేసిండు.
ఎవ్వరూ చెప్పలే. ఉడుతన్నంక ఉంటయి గదా అని.
ఫ్యాక్సొచ్చింది:
మా ఉడుతలకు చారలుండవు, తీసెయ్యండి.
ఆ కాగితాన్ని చాలాసేపు చూసి
"అంటే వాళ్ల దిక్కు ఎవ్వరూ నిమరలేదన్నట్టు"
అన్నడు.

రెండు రాత్రులు రబ్బర్లు పట్టుకొని కూసున్నం.
నాలుగు వేల వీపులు తుడిచినం.
చాయ్ల కూడా రబ్బరు పొడి.
ఒక్కటి తప్పించుకుంది,
నా బల్ల మీదిదే.
నిద్రమత్తుల వదిలిన్నో, తెలిసే వదిలిన్నో
నాకు నేను ఇప్పటికీ చెప్పుకోలే.

ఉడుత అక్కడ పెద్దదయింది.
బడి డబ్బాల మీద, దుప్పట్ల మీద,
అటుకుల్లాంటివేవో అమ్మే అట్టపెట్టెల మీద.
ఉత్తరాలు తెచ్చేటాయన్ను పిల్లలు దాని పేరుతోనే పిలిచేటోళ్లట.
ఏదో ఊళ్లె పోస్టాఫీసు ముందు సిమెంటు ఉడుతను నిలబెట్టిన్రట.
మాకు ఏడాదికో క్యాసెట్ వచ్చేది.
ఆఖర్ల పేర్లు ఉరుకుతుంటే
నఫీసా టీవీ అద్దం మీద వేలు పెట్టి ఆపబోయేది:
హైదరాబాద్, ఇండియా.
అంతే. వేలి కింది నుంచి జారిపోయేది.

ఓసారి ఒహాయో నుంచి ఒక పిల్ల ఉత్తరం.
ఎన్ని చేతులు మారి మా దాకా వచ్చిందో.
టేపు ఆపి ఆపి చూసిందట.
"తలుపు కొట్టేటప్పుడు దాని వీపు మీద ఎవరో గీరిన్రు.
నొప్పి పెట్టిందా?"
కింద రంగు పెన్సిళ్లతో ఉడుత,
మూడు చారలతోని.
జవాబు నన్ను రాయమన్నడు మాస్టరు:
నొప్పి కాదు బిడ్డా, నిమిరిన గుర్తు అని.
నిమరడానికి ఇంగ్లీషు మాట మా ఇరవై మందిల ఎవ్వరికీ దొరకలే.
ఆ కాగితం మూడు రోజులు బల్ల మీదనే ఉంది,
కింద లైటు వెలుగుతనే ఉంది.

తర్వాత నడిమి బొమ్మలు కంప్యూటరే గీసుకుంది.
బల్లలు పాతసామానుకు పోయినయ్.
మాస్టరు కొన్నాళ్లు లారీల వెనక అక్షరాలు రాసిండు,
ఇప్పుడు లేడు.
మూడో అంతస్తుల ఇంటర్ పిల్లలు లెక్కలు చేస్తున్నరు.

పోయిన ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద
ఎగుమతికి పనికిరాని టీషర్టుల కుప్పల
టోపీ కొస కనిపించింది.
లాగి చూసిన. తిప్పి చూసిన.
వీపు మీద సన్నగ మూడు.

"ఎంత?"
"నూటిరవై. గీతలు పడ్డయ్ అమ్మా, డ్యామేజీ పీసు,
ఎనభైకి తీస్కపో."

బేరమాడలే.
నూటిరవయ్యే ఇచ్చిన.