రెండు గంపలకి ఒకే కేక

'సేపలోయ్' అని అరిస్తే
'సేమలోయ్' అని వస్తాది.
అంగిట్లో చిల్లు. గాలి ముక్కులోకి ఎల్లిపోతాది,
ప మీద నిలబడదు, మ మీదకి జారిపోతాది.
శ్రీకూర్మం సందుల్లో మొదటి రోజు
గుంటలు నా వెనకే పడ్డారు:
"సీమలమ్మొచ్చింది, సీమలు కిలో ఎంత?"
నానూ నవ్వీసినాను.
నవ్వితే ముక్కులోంచి నీళ్ళు కారినాయి,
అప్పుడే తాగిన టీ.

అడ్డపొగ మాయమ్మ నేర్పినాది.
కళింగపట్నం ఒడ్డున గాలికి చుట్ట నిలవదు,
నిప్పు లోపలికి పెట్టుకుంటే ఆరదు.
వల లాగుతూ, కవళ్ళు ఏరుతూ, చంటిదానికి పాలిస్తూ
నోట్లో పొయ్యి పెట్టుకునే బతికినాం.
అంగిట బెల్లం, ఆత్మలో విషం అంటారు గాని
విషం అంగిట్లోనే ఉంటాదని
మాకెవులు సెప్పినారు?

విశాఖలో కోసీసినారు.
కోతకి కార్డు డబ్బిచ్చింది.
ఆమదాలవలస దాకా ఆటోకి ఇవ్వదు,
రైల్లో పక్కన కూకోడానికి మనిషినివ్వదు.
అద్దం ముందు ఒంటరిగా నోరు తెరిసీ పొద్దున్న
దానికి ఏ కాయితమూ లేదు.

ఇంటికొచ్చినాక తోడికోడలు
నా గలాసు గోడవతల బోర్లించినాది.
అంటుకుంటాదట.
మేనగోడలి పెళ్ళి పిలుపు
పక్కింటి దాకా వచ్చి తిరిగెళ్ళిపోయినాది.

దానేసొచ్చినాది.
నాలుగొందల బాకీ కాడ రెండేళ్ళు మాటల్లేవు మాకు.
ఎలాగున్నావని అడగలేదు.
"నువ్వు గంపెత్తు, నాను అరుస్తాను" అన్నాది.

గార రోడ్డు మీద అది ముందు, నాను వెనక.
"కవళ్ళోయ్, నెత్తళ్ళోయ్!"
నా గంపలో రకమే ముందరుస్తాది.
బేరమూ దానిదే,
నాను వేళ్ళు చూపిస్తాను.

అంగిటికి అడ్డం ఒక ప్లేటిచ్చినారు,
ఆల్చిప్పలాగుంటాది.
రాత్రి తీసి గలాసు నీళ్ళల్లో వేస్తాను.
రెండేళ్ళకి వదులైపోయినాది.
కొత్తదానికి సంఘం ఆడోళ్ళు తలా పది వేసినారు.
ఎర్రయ్యమ్మ వెయ్యలేదు,
దానింట్లో పొయ్యే వెలగలేదా రోజు.
రైలుకి తోడొచ్చినాది, టికెట్టు లేకుండా.
దారి పొడుగునా టీసీ కోసం చూడ్డంతోనే సరిపోయింది,
భయపడ్డానికి నాకు తీరికే దొరకలేదు.

ఇప్పుడు సాయంత్రాలు ఒడ్డున
ఆడోళ్ళు నా ముందు నోళ్ళు తెరుస్తారు,
ఫోను లైటేసి చూస్తాను.
డాక్టర్ని కాను.
ఒక్క నోరే బాగా తెలుసు నాకు, నాది.
దాన్ని బట్టీ పట్టినాను.

దానేసు అందరికన్నా ఆఖర్న తెరిసింది.
చుట్ట వాసన.
ఎడమపక్క, గవ్వంత, తెల్లగా.
లైటు ఆర్పలేకపోయినాను.
"ఏటే?" అన్నాది నోరు మూయకుండానే.
"రేము మోనాం" అన్నాను.
రేపు పోదాం.
ఊరు మొత్తం మీద
ఆ మాట తిరగేసి అడగందది ఒక్కర్తే.

ముక్క తీసి పరీచ్చకి పంపినారు,
దాన్ని వారం ఉంచీసినారు.
దాని గంప ఖాళీగా ఉంటే
ఇంట్లో నలుగురూ ఖాళీగా ఉంటారు.
నా గంప నెత్తి మీద, దానిది చంకన,
శ్రీకూర్మం సందు మొదట్లో నిలబడ్డాను.
చాలాసేపే నిలబడ్డాను.

"సేమలోయ్!"

కుక్క మొరిగింది.
గుంటలు ఆట ఆపినారు.
మూడో ఇంటి తలుపు తెరుసుకుంది.
"అసిరమ్మేనా? దానేసేదీ?"
పైకి చెయ్యి చూపించబోయి ఆగి
విశాఖ వైపు చూపించినాను.
ఆవిడ కిలో తూయించుకుని
"రేపిస్తాలే" అన్నాది.
"డబ్బు" అన్నాను.
నా నోట్లో అది "నమ్ము" అని వస్తాది.
"నమ్ముతాన్లే, ముందు డబ్బిచ్చీమంటావు, అంతేగా" అని
ఆవిడే నవ్వి కొంగు ముడి విప్పింది.
ఇరవై తగ్గించమంది.
తగ్గించలేదు.
దానేసు వాటా వేరే ముడేసుకుని
పక్క సందులోకి తిరిగినాను.