చెవుల్ల దూది

ఇరవయ్యొక్క రోజులు
చెవుల్ల దూది పెట్టిన్రు, తలకు తువ్వాల బిగించిన్రు.
గాలి జొరొద్దట.
మా చేన్ల పత్తే అది. గింజ తీసి, ఒత్తి లెక్క నలిపి
మా అత్త అండాలు తన చేత్తోనే పెట్టింది.

దూది అవతల పిల్ల ఏడ్చేది,
చండూరు బస్టాండుల ఎవరి పిల్లనో ఏడ్చినట్టు.
పాలియ్యమన్నరు, ఇచ్చిన.
వావిలాకు నీళ్లు పోసిన్రు, పోయించుకున్న.
సాంబ్రాణి పొగల కూసోమంటే కూసున్న.
బిడ్డ అచ్చం నీ పోలికే అన్నరు.
అద్దంల చూస్తే
నా పోలికే నాకు దొరకలే.

ఇరవై రెండోనాడు దూది తీసిన్రు.
దూరం మాత్రం ఎవ్వరు తియ్యలే.

నిద్ర రాదు. ఆయనది జిన్నింగు మిల్లుల రాత్రి డ్యూటీ.
వాకిట్ల నీళ్ల సంపు, సిమెంటు మూత, దానికో ఇనుప కడెం.
ఆ కడెం దిక్కు చూసిన్నంటే
ఎన్నడు అనుకోని మాట ఒకటి
నా గొంతుతోనే లోపల మాట్లాడేది.
పిల్లను అదుముకుంటే ఇంకా దగ్గరికొచ్చి మాట్లాడేది.
అందుకే పొద్దుగూకంగనే
రోలు దొర్లించి మూత మీదికి ఎక్కిస్తుంటి.
పచ్చి బాలింతవు, బరువులెందుకని వదిన తిట్టింది.
పక్కింటి పోరగాండ్లు మూత తీస్తున్నరన్న.

ఒకనాడు చేతులు రాలే. గడప మీదనే కూలబడ్డ.
అండాలత్త లేచింది. దగ్గుకుంట వంగి
రోలు దొర్లించి మూత మీద పెట్టింది.
వచ్చి నా పక్కన కూసున్నది. వక్క కొరికింది.
చానా సేపటికి
"మావోడు పుట్టినప్పుడు నేను
కొడవలిని గడ్డివాముల దోపిన" అన్నది.
"కోతలొచ్చినయి. కొడవలి ఏదని మీ మామ
ఇల్లంత దేవులాడిండు.
ముప్పై రెండేండ్లాయె. ఎవ్వరికి చెప్పలే."

ఆ రాత్రి నేనేడ్చిన. పిల్ల ఏడ్వలే.

తెల్లారి నల్లగొండ బస్సెక్కినం.
దవాఖాన్ల చీటీ రాసే పిలగాడు
ఏం బీమారి అన్నడు.
నాకు పేరు తెల్వదు.
అత్తే అన్నది:
"దీనికి పిల్ల ఏడుపు దూరంగ ఇనొస్తుంది, రాయి సారు."
ఆయన కలం ఆపి
మా ఇద్దరి మొకాలు చూసిండు.

గోలీలిచ్చిన్రు. పదిహేను రోజులకు రమ్మన్నరు.
పోయినం. మల్ల పోయినం.
ఒకపాలి వానకు బస్సు రాక ఎనకకొచ్చినం.

రోలు ఇంకా సంపు మీదనే ఉన్నది.
పచ్చిపులుసుకు మిరపకాయలు ఇప్పుడు ఆడనే దంచుతం.
దంచే చప్పుడుకు పిల్ల ఉలిక్కిపడి లేస్తది.
ఇగో, ఇక్కడ్నే ఏడుస్తున్నది.