ద కింద ధ

ఎర్రగుంట్లలో నాపరాళ్ళ ఫ్యాక్టరీ వెనక
పనికిరాని ముక్కల గుట్ట.
అక్కడ మొదలైంది నా అక్షరం.

రంపం బిళ్ళ గుండ్రం. అది కోసే గీత తిన్నన.
నా దగ్గరున్నవి ఆ రెండే.
వాటితోనే యాభై ఆరూ రావాలని
నేలమీద ముక్కలు పేర్చేదాన్ని.
'ర' తొందరగా లొంగింది.
'ఠ' నడిమధ్య చుక్క పెట్టించుకొని కుదురుగా కూచుంది.
'ఖ' దగ్గర మూడు వారాలు.
'ఝ'ని రెండుసార్లు కాలితో చెదరగొట్టాను.
తలకట్టు వంపు తీసేసి
నలభై అయిదు డిగ్రీల వాలుకు విరిచాను.

"ఏమ్మే, ఇది తెలుగేనా?" అన్నాడు ఓబులేసు,
రంపం కింద ఇరవై రెండేళ్ళు నానిన మనిషి,
కనుబొమల మీద తెల్లటి దుమ్ము.
"రాబోయే కాలపు తెలుగు మామా."
"అది వచ్చినప్పుడు సదువుకుంటాలే" అని నవ్వి,
దగ్గి,
చెంబుడు నీళ్ళు తెచ్చి ముక్కల నడుమ పోశాడు.
ఒకచోట నిలిచినాయి, ఒకచోట ఉరికినాయి.
"బండలు పరిచేటోడు సూసేది
బండను కాదుమ్మే, సందును."

ఆ రాత్రంతా అక్షరాలు జరిపాను
నీళ్ళు సమంగా పారేదాకా.

కంప్యూటర్లోకి ఎక్కించి 'నాప' అని పేరు పెట్టాను.
మూడు బరువులు: పలక, బండ, దిమ్మె.
చిన్న సైజులో వాడొద్దని రాసిపెట్టాను.
ఇది కేకేసే గొంతు, గుసగుసలాడలేదు.

ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూము తీసుకుంది.
ప్రొద్దుటూరు జిమ్ము గోడ నిండా దిమ్మె.
బోరు లారీ వెనక 'గంగమ్మా నీదే భారం'.
కబడ్డీ పిల్లల వీపుల మీద
చెమటకు కూడా అంచు చెదరలేదు.
ముద్దనూరు డీజే బండి మీద
పాటకన్నా ముందు అక్షరమే అదిరింది.
మస్తాన్ ఫ్లెక్సీ షాపుకు ఊరికే ఇచ్చాను.

మొన్న నాలుగు రోడ్ల కాడ ఫ్లెక్సీ.
ఓబులేసు, ఎప్పుడూ తొడగని కోటులో.
పైన నా అక్షరాలు:

శ్ర□ంజలి

'ద' కింద 'ధ' గీయలేదు నేను.
జిమ్ముకు అక్కర్లేకపోయింది, స్కూటరుకు అక్కర్లేకపోయింది,
అడిగినవాళ్ళు లేరు.
గీయని చోట కంప్యూటరు ఖాళీ పెట్టె పెడుతుంది.
నాలుగు పక్కలా సమానం,
నేను కోసిన అన్నిటికంటే సరిగ్గా తెగిన బండ.

జనం ఆగి, చదివి, పోతానే ఉన్నారు.
"కొత్త మోడల్ గదా" అన్నాడు మస్తాన్.

చదువు రాని ఓబులేసు పెండ్లాం
ఆ పెట్టెను వేలితో చూపించి
"ఇదేనామ్మే ఆయప్ప పేరు?" అని అడిగింది.
కాదనలేకపోయాను.

ఇప్పుడు గీస్తున్నా.
'ద' ఒళ్ళు కాస్త పైకి జరిపి
కింద 'ధ'కు చోటు చేసి
దాని కడుపులో ఆ చిన్న గీత.
రెంటికీ మధ్య సందు
ఎంత వదలాలో తెలియడం లేదు.
తెర మీద నీళ్ళు పోయలేను.