వరహాలా, బరహాలా

కాశీనగర్ దాటి వంశధార గట్టు మీంచి
ఎడంచేతి వైపు దిగితే మా షెడ్డు.
రేకులు నావి, ఊక నాది, కరెంటు బిల్లు నాది.
పిల్ల కంపెనీది, మేత కంపెనీది,
మందుసీసా కూడా కంపెనీదే.
నలభై రెండు రోజుల దాదిని నేను.

మొదటి వారం బల్బుల కింద
పసుప్పచ్చగా, ఆరబోసిన శనగల్లా ఉంటాయి.
రాత్రి రెండింటికి లేచి వింటాను.
నిండు షెడ్డుకి ఒక రొద ఉంటుంది,
పొంగు రాబోయే ఎసరు లాగా.
అది ఏ మూల సన్నబడినా నాకు తెలిసిపోతుంది.

ముప్పై ఒకటో రోజు సన్నబడింది.

గిన్నెల్లో నీళ్ళు పోసినవి పోసినట్టే.
ఆకుపచ్చ రెట్ట. వాచిన తలలు.
నేరేడుపళ్ళు తిన్న పిల్లాడి నాలుకలా
నీలమెక్కిన తురాయిలు.
"కొక్కెర తెగులేలే, చలికాలం మామూలే"
ఫోనులో అన్నాడు సూపర్‌వైజరు.
తెల్లారేసరికి నూటపది.
మధ్యాహ్నానికి లెక్క మానేశాను.

సాబత్ గారొచ్చారు, పశువుల డాక్టరు.
గొంతుల్లో దూదిపుల్లలు తిప్పి
మంచుడబ్బాలో పెట్టి భోపాల్ పంపారు.
కాగితం వచ్చాక గేటు బయటే నిలబడి చెప్పారు:
పేరు పాతదేనట గాని ఇది పాతది కాదట,
"లోపలి రాతలో ఒక్క అక్షరం మారిందమ్మా.
ఒంటికి ఆనవాలు దొరకదు.
దొంగని చుట్టమనుకుని లోపలికి రానిస్తుంది."

ఎవరు మార్చారండీ అన్నాను.
ఆయన షెడ్డు వైపు చూశారు.
నాలుగు వేలు, ఒకే ఈడు, ఒకే నెత్తురు,
రెక్క చాపితే పక్కదాని రెక్క.
"ఏటి మీద బాతు తెచ్చి ఉంటుంది.
కానీ ఇక్కడ దానికి
రాసుకోడానికి నాలుగు వేల పలకలు దొరికాయి.
అన్నిసార్లు రాస్తే
ఎక్కడో ఒకచోట తప్పు పోతుంది కదా."

మర్నాడు తెల్లసూట్లు దిగాయి.
అందులో ఒకడు మా జోసియా రైత,
జీడితోటలో గింజలేరే సవర కుర్రాడు.
ముసుగులో ఎవరో తెలీలేదు,
"అక్కా" అన్నాక తెలిసింది.
ఒక వరస చల్లి, ఒక వరస సున్నం.
సాయంత్రం గ్లౌజులు విప్పి
గట్టు మీద కూర్చున్నాడు.
"చెయ్యి ఆగట్లేదక్కా,
మెడ లేకపోయినా తిరుగుతానే ఉంది" అన్నాడు.
నిజమే, ఒళ్ళో తిరుగుతూనే ఉంది.

జబ్బు చంపినవాటికి ఏమీ రాదు,
సర్కారు చంపినవాటికి వస్తుంది.
పిట్ట డబ్బు కంపెనీకి,
మేపిన కూలి నాకు. అలా రాసుకున్నాం.

నా వంతు వచ్చినట్టే వచ్చి వెనక్కి పోయింది.
పుట్టింటి పాతపట్నంలో తీసిన పాసుపుస్తకంలో
నేను వరహాలమ్మని.
ఇక్కడి ఓటరు కార్డులో బరహాలమ్మని.
ఒడియా నోటికి వ తిరగదు,
వంతెన బోర్డు మీద ఏరు కూడా బంశధారే.
గుమస్తా అద్దాలు పైకెత్తాడు:
"వరహాలా, బరహాలా?
ఏదో ఒకటి చెప్పు తల్లీ."

ఇరవై రెండేళ్ళయింది గేటు దాటి ఇటొచ్చి.
మెట్టింటి వాళ్ళు పిలిచినట్టే పలికాను,
రేషను తీసుకున్నాను, ఓటు వేశాను,
ఏ రోజూ ఎవరూ ఆపలేదు.
పాతపట్నం చెక్‌పోస్టులో ఇప్పుడు
గుడ్ల లారీలు వెనక్కి తిప్పుతున్నారు.
పోలీసులు గుడ్లు చూస్తారు, బుట్టలు చూస్తారు.
అక్షరాన్ని ఎక్కడ తడుముతారు?

ఆశా అమ్మాయి పది రోజులు ఫోను చేసింది.
జ్వరమా, దగ్గా, కళ్ళెర్రబడ్డాయా?
లేవమ్మా, లేవు.
ఒక్కటే, రాత్రి రెండింటికి మెలకువొస్తోంది.
కాల్చిన ఊక వాసన.
ఏటి మీద ఎక్కడో బాతులు.

నిన్న సూపర్‌వైజరు మళ్ళీ చేశాడు.
గడువు తీరగానే కొత్త పిల్లలు దించుతారట,
ఈసారి ఐదు వేలు.
"అగ్రిమెంటు కొత్తగా రాయాలమ్మా,
పేరు సరిగ్గా చెప్పు."

ఫోను చెవి దగ్గరే పెట్టుకుని ఉన్నాను.