రంపం తిన్న మేర

ఔక్యె కబురు పెట్టింది,
తలుపు రెండు ముక్కలూ కలిపి ఒకటి చేసిపెట్టమని.
నడుమ సందులోంచి ఉత్తర సముద్రపు గాలి
తిన్నగా వంటింట్లోకొచ్చి
కెటిల్ కింద మంటను పక్కకి వాల్చేస్తోందట.

నేను వొబ్బె. ఫ్రీస్‌లాండ్‌లో, ఈ సముద్రపు కట్ట వెనక
తొమ్మిది ఊళ్ళకీ వడ్రంగిని.
నీళ్ళ మట్టానికి కిందున్న నేల మాది.
దేన్నైనా సగం తెరిచి సగం మూసి ఉంచడం
తాతల నాటి నుంచీ అలవాటే.

తలుపు ఊడదీసి రెండు బల్లల మీద పడుకోబెట్టాను.
ఉలి పట్టేముందు చెక్కను చదువుతాను నేను.

కింది ముక్క మీద, మోకాలెత్తున,
ఉప్పు పిచ్చి దూడలు నాకిన నునుపు.
ఇంకా కిందన బాతులు పొడిచిన చుక్కలు, వరసా వాయీ లేకుండా.
లోపలి వైపు చెంచాతో గీసిన గీతలు.
యెల్లె అప్పుడు పాకే పిల్లాడు,
గడప దాటితే కాలవ పదడుగుల్లో.
వాణ్ని కాపాడింది ఏ దేవుడో నాకు తెలీదు గానీ
మూడడుగుల ఓక్ చెక్క, ఒక ఇనప గడియ
నేను చూడగా ఉన్నాయి.

పై ముక్క పొగచూరి నల్లబడింది.
ఆ కంతలోంచే వెలుతురు లోపలికి, పొగ బయటికి,
ఎదురుబొదురుగా నడిచి ఎన్నడూ ఢీకొనలేదు.

కింది ముక్క నెత్తిన అరచేతి వెడల్పు పలక.
దాని మీద రెండు గుంటలు, మోచేతులవి.
ఎడమది లోతు.
ఔక్యె అత్తగారు హిల్చె ఎడమకే వాలేది,
కుడిచెయ్యి మాటలకి కావాలి కదా.
పాల లెక్కలు ఆ పలక మీదే. జున్ను బేరం ఆ పలక మీదే.
విషజ్వరాల ఏడు డాక్టరు వాకిట్లో నిలబడి
ఇంటిల్లిపాది నాలుకలూ చూసింది దాని మీదుగానే.
చెల్లెలితో మాటల్లేని పదకొండేళ్ళూ
ఆ చెల్లెలు ఆదివారం రొట్టె తెచ్చి అక్కడ పెట్టి పోయేది.
గడియ తియ్యమని ఈమె అడగలేదు, ఆమె తియ్యలేదు.
రొట్టె మాత్రం ఏనాడూ వెనక్కి పోలేదు.

ఇవన్నీ చదివాను.
చదివి, జిగురు పూసి, వెనక రెండు పట్టీలు వేసి బిగించాను.
డబ్బులు తీసుకున్నాను.
వడ్రంగికి అభిప్రాయాలుంటే
వాడి పొయ్యిలో పిల్లి లేవదు.

పద్దెనిమిదో రోజున మళ్ళీ కబురు.
తలుపు తట్టాను. ఔక్యె తెరిచింది,
మొత్తం తెరిచింది. మొత్తం ఆవిడ, మొత్తం ఇల్లు,
ఉతకాల్సిన గుడ్డల గుట్టతో సహా.
నా కాళ్ళ పక్కనుంచి ఒక బాతు
అద్దెకి దిగుతున్నట్టు లోపలికి నడిచింది.

"టపా అబ్బాయికి ఎటూ తోచడం లేదు" అంది.
"రమ్మంటే బూట్ల బురద చూసుకుంటాడు,
ఊరుకుంటే వానలో నిలబడతాడు.
మోచేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక
ఇద్దరం చేతులు కట్టుకుంటున్నాం, పోట్లాడుకున్నవాళ్ళలా.
తెరిస్తే మొత్తం, మూస్తే మొత్తం.
రా, పో తప్ప మూడో మాట లేదు ఈ తలుపుకి."

మళ్ళీ కొయ్యమంది.

చెప్పాను: రంపం ఊరికే నడవదు,
దాని మేత అది తింటుంది.
పాత గీత మీదే కోసినా రెండు గోళ్ళ మందం పొట్టయి రాలుతుంది.
సందు పెరుగుతుంది. గాలీ పెరుగుతుంది.

"తిననీ" అంది, బాతుని చీపురుతో అదిలిస్తూ.

కోశాను. ఎండిన జిగురు పళ్ళ మధ్య ఇసకలా కరకరలాడింది.
పట్టీలు విప్పి, గడియకి నూనె పెట్టాను.
పలకకి చిత్రిక పట్టలేదు,
పట్టమంటావా అని అడగనూ లేదు.

ఇప్పుడు కెటిల్ కింద మంట ఇంకాస్త వాలుతోంది,
నీళ్ళు కాగడం ఆలస్యం.
అంతసేపూ టపా అబ్బాయి అవతలి నుంచి పలక మీదికి వంగి,
హిల్చె ఎడమ గుంట తనకి కుడివైపు రాగా
అందులో మోచెయ్యి కుదురుతుందేమోనని
అటూ ఇటూ జరుపుకుంటున్నాడు.

బాతు బయటే ఉంది.