మూత పెట్టిన దీపం

ఇద్రియా ఊరి కింద
ఐదువందల ఏళ్లు తవ్విన పాదరసం గని
ఇప్పుడు నీళ్లు నింపుకుని పడుకుంది.
పైన కిటికీల్లో లేసు అల్లే కర్ర కండెలు
టక టక, టక.

బడి నేలమాళిగలో నేనూ బొగొమీరూ
ఒక పెట్టె కడుతున్నాం.
పాత ఇళ్ల చెక్కనేలల్లో
పాదరసపు ఆవిరి ఇంకా ఎంత మిగిలిందో
అది చెప్పాలి.

అతినీలలోహిత దీపం, దాని ముందు చిల్లుల పళ్లెం.
పళ్లెం తిరిగితే వెలుగు
సెకనుకి నూటయాభై సార్లు రెప్ప వేస్తుంది.
మధ్యలో ఆవిరి ఉంటే వెలుగు గోరంత తగ్గుతుంది.
చుట్టూ రొద మాత్రం కొండంత.

అందుకే ఈ తాళం.
వచ్చిన ప్రతి శాంపిల్‌నీ సైన్‌తో ఒకసారి,
కొసైన్‌తో ఒకసారి గుణించి కూడుతూ పోవడం.
లయ కలవనివి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి,
కలిసిన ఒక్కటీ నిలబడుతుంది.
తాళం తప్పితే తాళం తెరుచుకోదు.
కాగితం మీద ఇంతే.

మొదటి రాత్రి అంకె ఊయలూగింది.
యాభైకి మూడు రెట్లు నూటయాభై.
గోడలో కరెంటు మూడో బిడ్డ మా పక్కనే కూర్చుని పాడుతోంది.
పళ్లెం వేగం నూట ముప్ఫైఏడుకి దించాం.
ఊపు ఆగింది.

రెండో రాత్రి ఫేజ్ జారింది.
ఎక్స్ తగ్గితే వై పెరిగింది, వై తగ్గితే ఎక్స్.
పళ్లేనికో గడియారం, చిప్‌కో గడియారం.
రెండూ అబద్ధమాడవు,
రెండూ ఒకే మాట చెప్పవు.
పళ్లెం అంచున ఒక చిన్న కన్ను బిగించి
దాని రెప్పపాటే రిఫరెన్స్ అన్నాం.
జారడం ఆగింది. బొగొమీర్ ఈల వేశాడు.

మూడో రాత్రి
దీపానికి అట్టముక్క అడ్డం పెట్టాను. సున్నా రావాలి.
నలభై రెండు.
దీపం ఆర్పాను. నలభై రెండు.
డిటెక్టర్‌కి నల్ల టేపు చుట్టాను.
నలభై రెండే.
చీకటి వచ్చి వెలుగు తరఫున సాక్ష్యం చెబుతోంది.

నీ సోల్డరింగే, జెర్నేయా, అన్నాడు.
నీ కోడే, అన్నాను.
చల్లారిన జ్లిక్రోఫీ
చెరో మూల కూర్చుని తిన్నాం.

కాపలా లుద్విక్ కిందికి దిగొచ్చాడు.
టీ కప్పు రెండు చేతులతో పట్టుకుంటాడు,
అయినా ఒలుకుతుంది.
గని ఇచ్చిన పింఛను, అంటాడు ఆ వణుకుని.
బల్ల మీదికి వంగి చాలాసేపు చూసి
"గనిలో పంపునీ దీపాన్నీ ఒకే తీగ మీద పెట్టనిచ్చేవాళ్లు కాదు" అన్నాడు.
"పంపు కొట్టినప్పుడల్లా దీపం కుంగేది."
అని పైకి వెళ్లిపోయాడు.

మేమిద్దరం ఒకేసారి చూశాం.
నల్ల తీగ ఒక్కటే.
దాని మీదే డిటెక్టర్,
దాని మీదే మేం నిన్న మురిసిపోతూ బిగించిన కన్ను.
అది రెప్ప కొట్టిన ప్రతిసారీ
తీగలో చిన్న అల, సరిగ్గా నూట ముప్ఫైఏడు.
మా పెట్టె వింటున్నది దాని గొంతునే.
నిన్నటి మందు ఇవాళ్టి జబ్బు.
ఇంటిదొంగని ఈశ్వరుడే పట్టలేడంటారు,
లుద్విక్ టీ తాగుతూ పట్టాడు.

తీగ కత్తిరించాం.
కంటికి వేరే దారి, ఒక్కచోటే ముడి.
ఫిల్టర్ తొందరపడదు:
నలభై రెండు, పాతిక, పదిహేను,
తొమ్మిది, ఐదు, మూడు,
తర్వాత సున్నాకి అటూ ఇటూ
ఊపిరంత కదలిక.
ఏమీ లేకపోవడాన్ని చూసి
అంత సంతోషం ఎప్పుడూ పడలేదు.

ఆదివారం పెట్టెని లుద్విక్ వంటింటికి మోసుకెళ్లాం.
గొట్టం తనే పట్టుకుంటానన్నాడు.
చేయి వణికింది, సెకనుకి ఐదు సార్లు, లెక్కపెట్టాను.
అంకె చెక్కుచెదరలేదు.
నూట ముప్ఫైఏడు తప్ప దానికింకేమీ వినపడదు,
అలాగే కట్టాం.

పొయ్యి పక్క మూలకి జరిపాడు.
"ఇక్కడే అమ్మ నాన్న బూట్లు దులిపేది."
వెలుగు మెల్లగా తగ్గడం మొదలైంది.
బొగొమీర్ అంకెలు రాసుకుంటున్నాడు.
లుద్విక్ తెర వైపు చూడలేదు,
గొట్టం అలాగే పట్టుకుని
ఇంకెంతసేపు, అని అడిగాడు.