మంగళవారం, పదమూడో నంబరు బస్సు

ఆదివారం గెలిచాం.
మంగళవారం మేనేజర్ని పీకేశారు.

వరసగా తొమ్మిది ఆటలు ఓడినా కదలని కుర్చీ
గెలిచిన రెండో రోజుకి ఖాళీ అయింది.
టొలీడోలో ఇంకా తెల్లారలేదు.
బస్సు అద్దం మీద మంచు గీకుతున్నదాన్ని
రేడియోలో ఆ మాట విని ఆగిపోయాను.

పద్నాలుగేళ్ళుగా ఈ ఊళ్ళో బస్సు నడుపుతున్నాను.
ఫుట్‌బాల్ నాకెవరూ నేర్పలేదు.
ఎక్కేవాళ్ళ నోళ్ళలోంచి ఏరుకున్నాను,
ముందు బూతులు, తర్వాత నియమాలు.

మొదటి స్టాపులో ఎర్లీన్ ఎక్కింది.
ఆస్పత్రి వంటగది యూనిఫాం,
తల మీద మా జట్టు నారింజరంగు టోపీ.
పీడ విరగడైందని అర్థమొచ్చే మాటొకటి
చిల్లరతో పాటు డబ్బాలో వేసింది.
సంతోషంగానే అంది.
కూచున్నాక మాత్రం టోపీ తీసి
ఒళ్ళో పెట్టుకుంది, ఎందుకో.

చెర్రీ వీధిలో ముగ్గురు కుర్రాళ్ళు.
ఒకడు హాల్‌స్టెడ్ గొంతు దించేశాడు:
"ప్రణాళిక ఉంది. ఓపిక పట్టండి."
ఏడేళ్ళు మేం విన్న ఒకే ఒక్క పాట.
బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను.

నిజానికి హాల్‌స్టెడ్‌ని మేమెవరం దగ్గరగా చూళ్ళేదు.
స్టేడియం పై అంతస్తులో
నల్లటి అద్దం వెనక ఒక తెల్ల చొక్కా.
ఆ చొక్కాకి ఎన్ని పేర్లు పెట్టాం!
చెయ్యి జారిన బంతికి అతనే,
విరిగిన మోకాలికి అతనే,
మంచు ఎత్తే బండి మా వీధికి రాకపోయినా
ఒక్కోసారి అతనే.
ఆడలేనివాళ్ళు పదకొండు మంది,
మద్దెల మాత్రం ఒక్కడి మెడకి కట్టాం.

తర్వాతి స్టాపులో సాబో,
చంకలో ప్లైవుడ్ పలకతో.
మూడేళ్ళుగా ప్రతి ఆటకీ ఎత్తిన పలక.
ఎర్ర రంగుతో హాల్‌స్టెడ్ పేరు, కింద "పో".
"ఇవాళ ఆట లేదుగా" అన్నాను.
"తెలుసు" అన్నాడు.
"లేవగానే చేతికి ఇదే తగిలింది."

స్టేడియం గేటు దగ్గర ఒడెట్ ఎక్కింది,
రాత్రి కాపలా డ్యూటీ దిగి.
ఎవరూ అడక్కుండానే చెప్పింది.
అతను ఎప్పట్లాగే ఐదింటికి వచ్చాడట,
రెండు కాఫీలతో. ఒకటి రోజూ ఆమెకే.
కార్డు పెడితే ఎర్ర లైటు వెలిగిందట.
చొక్కాకి తుడిచి మళ్ళీ పెట్టాడట.
మళ్ళీ ఎర్ర లైటే.
"నా చేతిలో కాగితముంది,
నాకు ముందే తెలుసు" అంది ఒడెట్,
"అయినా కాఫీ తీసుకున్నాను."

బస్సులో ఇంజను చప్పుడొక్కటే మిగిలింది.
గాజు ఫ్యాక్టరీ రెండో గేటు మూసిన ఏడు
ఈ సీట్లలో సగం మంది
ఆ లైటు చూసినవాళ్ళే.

"నేను మూడుసార్లు తుడిచాను" అన్నాడు సాబో,
కిటికీలోంచి బయటికి చూస్తూ.

అత్త పోయిన ఆర్నెల్లకి కోడలు ఏడ్చిందంటారు.
మాకు ఆరు స్టాపులు కూడా పట్టలేదు.

అలాగని ఎవరూ కరిగి నీరైపోలేదు.
"మీ కంట్లోంచి నీళ్ళెందుకు?
ఇంటికి పంపుతూ కోట్లిస్తారు వాడికి,
మీకేమిచ్చారు?" అన్నాడు కుర్రాళ్ళలో ఒకడు.
నిజమే. జవాబు లేదు.
"దండగ మేనేజరే" అంది ఎర్లీన్ మెల్లగా,
"మూడో రౌండులో ఆ తన్నేవాణ్ణి ఎవరు కొంటారు?"
మళ్ళీ వాదన మొదలైంది. బస్సు వేడెక్కింది.
మామీ నది వంతెన దాటేలోపే
కొత్తగా రాబోయేవాడికి
కుర్రాళ్ళు ఒక ముద్దుపేరు పెట్టేశారు.
అది ఇక్కడ రాయలేను.

తూర్పు ఒడ్డున సాబో దిగాడు.
మంచూ వానా కలిసి పడుతోంది.
కాసేపు పలకని చూసుకుని
నెత్తిన గొడుగులా పట్టుకున్నాడు,
అక్షరాలున్న వైపు ఆకాశానికి పెట్టి.

అతను రోడ్డు దాటేదాకా తలుపు మూయలేదు.
నాలుగు నిమిషాలు లేటు.
కారణం రాయమని డిపోలో కాగితమిచ్చారు.
"ట్రాఫిక్" అని రాశాను.